బాటను నమ్ముకొన్నవాడు

తెలుగులో వృత్తి అన్న మాటకు మర్యాద ఉన్నది. మగ్గం ముందు కూర్చున్నవానికి నేత వృత్తి, సారె త్రిప్పేవానికి కుండ వృత్తి, బడిలో నిలుచున్నవానికి బోధన వృత్తి. ఆ ఒక్క మాటలో బ్రతుకుతెరువూ ఉన్నది, బ్రతుకు పద్ధతీ ఉన్నది. కాని పాశ్చాత్య క్రీడాలోకంలో ఈ మాట చాలాకాలం నిందావాచకంగా చెలామణి అయినది. ఆటను ఆటకోసమే ఆడేవాడు పెద్దమనిషి అనీ, దానివలన నాలుగు డబ్బులు గడించుకొనేవాడు తక్కువవాడనీ పంతొమ్మిదవ శతాబ్దపు సంపన్నులు ఒక నీతిని ఏర్పరచినారు. తిండికి లోటు లేనివారికి ఇటువంటి నీతులు సులభం. ఫిన్లండు దేశస్థుడు పావో నూర్మి తొమ్మిది ఒలింపిక్ స్వర్ణపతకాలు గెలిచినవాడు. 1932లో లాస్ ఏంజలిస్ ఒలింపిక్ క్రీడలలో మారథాన్ పరుగెత్తి తన క్రీడాజీవితాన్ని ముగించదలచినాడు. పరుగుకు ప్రతిఫలం పుచ్చుకొన్నాడన్న ఆరోపణపై అతనిని బరిలోనికే రానీయలేదు.

ఆ కట్టుబాట్లు 1980 తరువాతి దశాబ్దంలో సడలిపోయినవి. పరుగు బహిరంగంగానే వృత్తి అయినది. నేడు తూర్పు ఆఫ్రికా పీఠభూములలో, ముఖ్యంగా కెన్యా, ఇథియోపియా దేశాలలో, పొలాన్ని నమ్ముకొన్న రైతువలె బాటను నమ్ముకొని బ్రతికే యువతీయువకులు అనేకులున్నారు. వారిలో అందరికంటె ఎక్కువ కీర్తి గడించినవాడు, ఆ కీర్తి కరిగిపోవుటను కూడ లోకం కండ్లయెదుటనే అనుభవించినవాడు, ఎలియూడ్ కిప్చోగే.

అతడు 1984 నవంబరు 5వ తేదీన కెన్యాలోని నంది జిల్లాలో కప్సిసివా అనే గ్రామంలో జన్మించినాడు. నంది అన్న పేరు వినగానే తెలుగువారి మనస్సు శివాలయం వైపు పోవుట సహజమే కాని, అది అక్కడి కలెంజిన్ ప్రజలలో ఒక తెగ పేరు. శబ్దసామ్యం తప్ప మరేమీ లేదు. నలుగురు సంతానంలో అతడు కడపటివాడు. తండ్రిని ఛాయాచిత్రాలలో చూచుటయే గాని ఎరుగడు. తల్లి శిశుపాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె ఒక్కతే పిల్లలను పెంచినది. ఇంటినుండి బడికి మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆ దూరాన్ని పిల్లవాడు పరుగెత్తి పోయేవాడు. దీనిని ఒక విశేషంగా పాశ్చాత్య రచయితలు వ్రాస్తారు. అది ఆ ప్రాంతంలో ప్రతి పిల్లవాడూ చేసే పనియే. చదువు ముగిసిన తరువాత ఇరుగుపొరుగు ఇండ్లలో పాలు సేకరించి బజారులో అమ్మినాడు.

ఆ ఊరిచుట్టుప్రక్కలనే పాట్రిక్ సాంగ్ అనే పెద్దమనిషి ఉండేవాడు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో మూడువేల మీటర్ల ఆటంకాల పరుగులో రజతపతకం గెలిచినవాడు, అమెరికాలో విశ్వవిద్యాలయ విద్య ముగించుకొని వచ్చినవాడు. 2001లో పదహారేండ్ల కుర్రవాడొకడు ఆయన వద్దకు వచ్చి, తనకు అభ్యాసక్రమం ఒకటి చెప్పవలసిందని అడిగినాడు. సాంగ్ రెండు వారాలకు సరిపోయే క్రమం చెప్పి పంపివేసినాడు. అటువంటి కుర్రవాండ్రు ఎందరో వస్తారు, తిరిగి రారు. ఇతడు మాత్రం రెండు వారాలు కాగానే మరల వచ్చినాడు. చెప్పినదంతా చేసితిననీ, తరువాత ఏమి చేయవలెననీ అడిగినాడు. ఆయన మరి రెండు వారాలకు చెప్పినాడు. మరల వచ్చినాడు. ఈ విధంగా నెలలు గడచినవి. ఆ కుర్రవాడు స్థానికపు పందెంలో గెలిచిన తరువాత గాని, అంతకాలం తన మాటను పొల్లుపోకుండ ఆచరిస్తున్న శిష్యుని పేరైనా తాను అడుగలేదన్న సంగతి ఆయనకు స్ఫురించలేదు. ఎవరి బిడ్డవని అడిగితే మరొక సంగతి తెలిసినది. ఆ కుర్రవాని తల్లియే చిన్ననాట సాంగుకు శిశుపాఠశాలలో అక్షరాలు నేర్పిన పంతులమ్మ!

ఆమె తాను నేర్పిన విద్యకు ఇటువంటి ప్రతిఫలం లభిస్తుందని తలచి ఉండదు. ఉపాధ్యాయుల జీతపుపట్టీలో చేరని జమలు ఇటువంటివి కొన్ని ఉంటవి. ఆనాటినుండి సాంగ్‌కూ కిప్చోగేకూ ఏర్పడిన గురుశిష్య సంబంధం ఇరువదియేండ్లకు పైగా నిలిచినది. క్రీడాలోకంలో ఓటమి కలుగగానే శిక్షకుని మార్చుట సాధారణం. ఇతడు మార్చలేదు.

ఫలితం త్వరలోనే కనిపించినది. 2003లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో అయిదువేల మీటర్ల పరుగులో మొరాకోకు చెందిన హిషామ్ ఎల్ గెరూజ్, ఇథియోపియాకు చెందిన కెనెనీస బెకెలె అనే ఇద్దరు మహావేగులను దాటి, పదునెనిమిదేండ్ల కిప్చోగే ప్రథముడైనాడు. అతనికీ ఎల్ గెరూజుకూ మధ్య వ్యత్యాసం సెకండులో నూరింట నాలుగు పాళ్ళు. 2004లో ఆథెన్స్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2008లో బీజింగ్‌లో రజతం లభించినవి. అటుపైన మెట్టు ఎక్కలేదు, దిగసాగినాడు. 2012లో లండన్ ఒలింపిక్స్‌కు పోవు కెన్యా జట్టులో అతనికి స్థానమే దొరకలేదు.

ఇరువదియేడేండ్లు నిండినవి. వలయాకారపు ట్రాక్‌పై అతని కథ ముగిసినదని పలువురు తలచినారు. ఆ కాలంలో అతడు చేసిన పని చెప్పుకోదగినది. వృత్తిని విడువలేదు, క్షేత్రాన్ని మార్చినాడు. మాగాణి చేతికిరానప్పుడు మెట్టపంట వేసుకొన్నట్లు, ట్రాక్ విడిచి రోడ్డుకు వచ్చినాడు. 2013లో హాంబుర్గ్ నగరంలో పరుగెత్తిన తన మొదటి మారథాన్‌లోనే 2 గంటల 5 నిమిషాల 30 సెకండ్లలో ప్రథముడుగా వచ్చినాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లో విల్సన్ కిప్సాంగ్ ప్రపంచరికార్డు స్థాపించిన పరుగులో ద్వితీయుడు. 2014లో రాటర్‌డామ్‌తో ఆరంభించి 2019లో లండన్ వరకు వరుసగా పది మారథాన్‌లు గెలిచినాడు. మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఆ దూరంలో కడుపు నొప్పి, కాలి కండరం, గాలివాన, ఎండ, బూటు ఏదైనా ఓడింపవచ్చును. పదిమార్లు వరుసగా ఏదీ ఓడింపలేకపోయినది.

బూటు అన్నమాట ఊరక వచ్చినది కాదు. 2015లో బెర్లిన్ పరుగులో అతని బూట్లలోని మెత్తలు పట్టు వదలి బయటికి వచ్చి, రెక్కలవలె కొట్టుకొనసాగినవి. ఆగి సరిచేసికొంటే పందెం పోతుంది. పాదాలు ఒరసికొని రక్తం కారుతుండగా అట్లే పరుగెత్తి, సరిగా 2 గంటల 4 నిమిషాలకు గమ్యం చేరి గెలిచినాడు.

వృత్తి అన్నందుకు దాని లెక్కలు కూడ తెలిసికొనవలెను. రోడ్డుపై పరుగెత్తేవానికి ఆదాయం మూడు దారులలో వస్తుంది. పందెపు బహుమానం ఒకటి. పేరున్నవాడు వచ్చినాడన్న మాటకోసం నిర్వాహకులిచ్చే పారితోషికం రెండవది. బూట్ల కంపెనీతో ఒప్పందం మూడవది. కాని శరీరం సంవత్సరానికి రెండు మారథాన్‌లకంటె ఎక్కువ ఓర్చుకొనుట కష్టం. ఒక్కొక్కదానికి నాలుగు నెలల సిద్ధత కావలెను. ఆ రోజున జ్వరం వస్తే అరసంవత్సరపు పంట పోయినట్లే. కూలివానికి ఒకనాటి కూలి పోతుంది, ఇతనికి ఆరునెలల కూలి పోతుంది. పైగా, వెలుగులోనికి వచ్చిన ఒక్క కిప్చోగే వెనుక, పందెపు సొమ్ము ఎన్నడూ చేతబట్టని పరుగువాండ్రు ఎందరో అవే కొండబాటలపై దినమూ తెల్లవారుజామున పరుగెత్తుతున్నారు. ఈ వృత్తిని గూర్చి వ్రాసేవారు ఆ మాట మరువరాదు.

ఆ కొండబాటలు కప్తగత్ అనే చోట ఉన్నవి. సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తు. అంత ఎత్తున గాలిలో ప్రాణవాయువు పలుచన. దానికి తట్టుకొనుటకై శరీరం రక్తంలో ఎఱ్ఱకణాలను పెంచుకొంటుంది. అటువంటి రక్తంతో సముద్రమట్టానికి దిగివచ్చి పరుగెత్తితే ఊపిరి నిలుస్తుంది. సాంగ్ శిక్షణ ఇచ్చే శిబిరం అక్కడనే. కోట్లు గడించిన కిప్చోగేకు సమీపంలోని ఎల్డొరెట్ పట్టణంలో మంచి ఇల్లున్నది, భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. అయినను సోమవారంనుండి శనివారం వరకు శిబిరంలో, సాదా గదిలో, మరొకనితో కలిసి ఉండేవాడు. వంతుల ప్రకారం అందరితోబాటు తానూ ఊడ్చినాడు, మరుగుదొడ్లు కడిగినాడు. మంగళవారం ట్రాక్‌పై వేగాభ్యాసం. గురువారం దీర్ఘమైన పరుగు, ఒక వారం ముప్పది కిలోమీటర్లైతే మరువారం నలువది. శనివారం వేగం హెచ్చించి తగ్గించే పరుగు. వారానికి మొత్తం రెండువందల కిలోమీటర్లు మించుతుంది. తిండి మొక్కజొన్న పిండితో ఉడికించిన ఉగాలి, ఆకుకూర, పాలతో కాచిన తేనీరు. మన సంకటి తిన్నవారికి ఉగాలిని వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇంకొక అలవాటు ఉన్నది. 2003 నుండి దినదినమూ చేసిన అభ్యాసాన్ని నోటుపుస్తకాలలో వ్రాసిపెట్టుకొన్నాడు. ఎంత దూరం, ఎంతసేపు, శరీరం ఏమన్నది, ఏ బూట్లు తొడిగినది అన్నీ అందులో ఉంటవి. తేలికపాటి యంత్రాలు మణికట్టుననే సర్వమూ లెక్కించే ఈ కాలంలో కలంతో వ్రాసుకొన్నాడు. బడిపిల్లల కాపీపుస్తకాలకూ వానికీ తేడా లేదు.

2016లో రియో నగరంలో అతడు ఒలింపిక్ మారథాన్ గెలిచినాడు. అటుపిమ్మట అతని పేరు ఒక అంకెతో ముడిపడినది. మారథాన్‌ను రెండు గంటలలోపల ముగించుట సాధ్యమా అన్న ప్రశ్న అది. 1954 మే 6వ తేదీన ఆంగ్లేయుడైన రోజర్ బానిస్టర్ మైలుదూరాన్ని నాలుగు నిమిషాలలోపల పరుగెత్తినాడు. అదే తేదీన, 2017లో, ఇటలీలోని మోంజా మోటారుపందేల బాటపై ఒక బూట్ల కంపెనీ ఈ ప్రయత్నం ఏర్పాటు చేసినది. కిప్చోగే 2 గంటల 25 సెకండ్లకు ముగించినాడు. అంత దూరానికీ మిగిలినది ఇరువదియారు సెకండ్ల లోటు.

2018 సెప్టెంబరులో బెర్లిన్‌లో నిజమైన పోటీలో ప్రపంచరికార్డు బద్దలైనది. వేగం పట్టి ముందు పరుగెత్తే సహాయకులు ఒక్కరొక్కరే అలసి తప్పుకొన్నారు. ఇరువదియైదవ కిలోమీటరు తరువాత ఎవరూ మిగులలేదు. తక్కిన పదునేడు కిలోమీటర్లు ఒంటరిగా పరుగెత్తి 2 గంటల 1 నిమిషం 39 సెకండ్లకు చేరినాడు. పూర్వపు రికార్డుకంటె 78 సెకండ్లు తక్కువ.

2019 అక్టోబరు 12వ తేదీన వియన్నాలో జరిగినది వేరు. ప్రాటర్ ఉద్యానంలో, చెట్లవరుసల నడుమ చదునైన బాటను ఎంచినారు. నలువదియొక్క మంది సహాయకులు వంతులవారీగా దిగినారు. వారిలో ఒలింపిక్ పతకాలు గెలిచినవారున్నారు. అయిదుగురు ముందు, ఇద్దరు వెనుక, గాలి తగులకుండ వ్యూహం పన్ని పరుగెత్తినారు. ముందుపోయే కారునుండి లేజర్ కాంతిరేఖలు ఎంత వేగంతో పోవలెనో బాటపై చూపినవి. కడపటి ఘట్టంలో సహాయకులు వెనుకకు తగ్గినారు, అతడొక్కడే ముందుకు దూకినాడు. 1 గంట 59 నిమిషాల 40 సెకండ్లు. విద్యార్థులు దీనిని మైదానంలో పరీక్షించుకొనవచ్చును: నూరు మీటర్లను పదునేడు సెకండ్లలో పరుగెత్తి, ఆగకుండ అదే వేగంతో మరి నాలుగువందల ఇరువదిమార్లు పరుగెత్తవలెను. భర్త మారథాన్‌ను భార్య స్వయంగా చూచినది ఆనాడే మొదటిసారి.

ఇది రికార్డుల గ్రంథంలోనికి ఎక్కలేదు. సహాయకులు మధ్యలో మారినారు, దాహానికి ద్రవం సైకిలుపై తెచ్చి అందించినారు, అది బహిరంగమైన పోటీయే కాదు. ఎక్కకుండుట న్యాయమే. కాలిక్రింది బూట్లను గూర్చి కూడ వివాదం చెలరేగినది. దళసరి మెత్తలో కార్బన్ పలక పొదిగిన ఆ బూటు పాదాన్ని ముందుకు నెట్టుతుందన్నారు. 2020 జనవరిలో అంతర్జాతీయ సంస్థ అడుగుమందం నలువది మిల్లీమీటర్లు మించరాదనీ, ఒక పలకకంటె ఎక్కువ ఉండరాదనీ నియమం పెట్టినది. అదీ అవసరమే. అయితే బూటే పరుగెత్తినదని తేల్చివేయుట తొందరపాటు. అటువంటి బూట్లు తరువాత అందరికీ అందినవి. 2021లో టోక్యో ఒలింపిక్ మారథాన్ ఎండకు వెరచి సప్పోరో నగరానికి మార్చినప్పుడు అందరి పాదాలకూ ఆ తరహా బూట్లే ఉన్నవి. అయినను అతడు ద్వితీయునికంటె 80 సెకండ్లు ముందుగా గెలిచినాడు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుమార్లు గెలిచినవారు అంతకుముందు ఇద్దరే: ఇథియోపియాకు చెందిన అబెబె బికిల, తూర్పు జర్మనీకి చెందిన వాల్డెమార్ సియెర్పిన్‌స్కీ. బికిల 1960లో రోము నగరపు రాళ్ళబాటపై వట్టికాళ్ళతో పరుగెత్తి గెలిచినాడు. బూట్ల వాదం చేసేవారు ఆయనను కూడ ఒకమారు తలచుకొనవలెను.

నడుమ, 2020 అక్టోబరులో లండన్‌లో, వరుస విజయాల గొలుసు తెగిపోయినది. చలి, వాన, ఒక చెవి మూసుకొనిపోవుట, ఎనిమిదవ స్థానం. 2022 సెప్టెంబరులో బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకండ్లతో తన రికార్డునే తాను సవరించినాడు. అప్పటికి ముప్పదియెనిమిదవ ఏడు నిండవచ్చినది. అది అతని శిఖరం.

2023 ఏప్రిలులో బోస్టన్‌లో ఆరవవాడైనాడు. ఆ అక్టోబరు 8వ తేదీన చికాగోలో కెల్విన్ కిప్టమ్ అనే ఇరువదిమూడేండ్ల కెన్యా యువకుడు 2 గంటల 35 సెకండ్లకు చేరి, కిప్చోగే రికార్డును ముప్పదినాలుగు సెకండ్లతో త్రోసిపుచ్చినాడు. పెద్దవాడు దిగిపోవుట, చిన్నవాడు ఎక్కిరావుట ఏ వృత్తిలోనైన ధర్మమే. 2024 ఏప్రిలులో రాటర్‌డామ్‌లో రెండు గంటల గోడను నిజమైన పోటీలో దాటే ప్రయత్నం చేయదలచినాడు కిప్టమ్. కాని ఫిబ్రవరి 11వ తేదీ రాత్రి కప్తగత్ సమీపంలోనే మోటారు ప్రమాదంలో అతడూ అతని శిక్షకుడు జెర్వె హకిజిమానా మరణించినారు. కిప్టమ్ వయస్సు ఇరువదినాలుగు.

దానికి తరువాత జరిగినది తలచుకొంటే మనస్సు కలుక్కుమంటుంది. పోటీదారుడు తొలగిపోయినాడు కావున కిప్చోగేకు ఇందులో చేయి ఉన్నదని ఆధారం లేని ప్రచారం ఒకటి ఇంటర్నెట్‌లో పుట్టి వ్యాపించినది. బెదిరింపులు వచ్చినవి. సైకిలుపై తిరిగే పిల్లలను తిరుగనీయక బడికి కారులో పంపవలసి వచ్చినది. మిత్రులలో చాలమంది దూరమైనారని అతడే బి. బి. సి. వారితో చెప్పుకొన్నాడు. ఇరువదియేండ్లు నోటుపుస్తకాలలో నిజాయితీగా లెక్క వ్రాసుకొన్న మనిషిని ఒక రాత్రిలో హంతకునిగా చిత్రించుటకు లోకానికి ఏ సాక్ష్యమూ అక్కరలేకపోయినది! ఆ మరుసటి నెల టోక్యోలో అతడు పదవవాడుగా వచ్చినాడు.

2024 ఆగస్టు 10వ తేదీన పారిస్ ఒలింపిక్ మారథాన్ జరిగినది. 2003లో తాను పసివాడుగా గెలిచిన నగరం అదే. నాటి పోటీదారుడు బెకెలె కూడ ఆ ఉదయం బరిలో ఉన్నాడు. నగరభవనంనుండి వెర్సాయ్ వరకు పోయి తిరిగివచ్చే బాట, కొండలవంటి ఎత్తులు. మూడవ స్వర్ణపతకం లభిస్తే లోకంలో అది ఎవరికీ లేనిది. సగం దూరం రాకముందే నడుము నొప్పి ఆరంభమైనది. అందరూ దాటిపోయినారు. సుమారు ముప్పదవ కిలోమీటరు వద్ద పరుగు మాని నడువసాగినాడు. బాటప్రక్కనున్న జనం అతనితోబాటు నడిచినారు. తన బూట్లు, మేజోళ్ళు, చొక్కా విప్పి వారికి ఇచ్చివేసినాడు. పోటీ మారథాన్‌లలో అతడు గమ్యం చేరనిది అదే మొదటిది. ఇథియోపియాకు చెందిన టమిరత్ టోలా గెలిచినాడు. కెనెనీస బెకెలె చాల వెనుకగా, అయినా గమ్యం వరకు, పరుగెత్తినాడు.

అక్కడ ముగించి ఉంటే కథకు మంచి ముగింపుగా ఉండేదని కొందరన్నారు. కాని వృత్తి కథకుల సౌకర్యంకొరకు నడువదు. 2025 ఏప్రిలులో లండన్‌లో ఆరవ స్థానం, ఆగస్టులో సిడ్నీలో తొమ్మిదవ స్థానం. నవంబరు 2వ తేదీన మొదటిసారిగా న్యూయార్క్ మారథాన్‌కు దిగినాడు. నలువదియొకటవ పుట్టినరోజుకు మూడు దినాలున్నవి. 2 గంటల 14 నిమిషాల 36 సెకండ్లకు పదునేడవవాడుగా చేరినాడు. ఎప్పుడో బెర్లిన్‌లో తాను ముగించిన కాలానికంటె పదమూడు నిమిషాలు ఎక్కువ. ఆ తరువాత ఏడు ఖండాలలో ఏడు మారథాన్‌లు పరుగెత్తదలచినట్లు ప్రకటించినాడు. వానిలో అంటార్కిటికా మంచునేల కూడ ఒకటి.